కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు టీకా ఎంతవరకు అవసరం? సహజ రక్షణ, టీకా రక్షణ: లెక్కలతో చర్చ

కృష్ణాతీరం (పోస్టు 1)

2021 జూన్–జూలైలో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సీరో సర్వే గుర్తుండే ఉంటుంది. ఆరేళ్లు దాటినవాళ్లలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1. అప్పటికి రెండు డోసులూ పడ్డవాళ్లు కొద్దిమందే కాబట్టి, అందులో ఎక్కువ భాగం జబ్బు వల్ల వచ్చిన యాంటీబాడీలే. అయినా కోవిన్ సర్టిఫికెట్‌లో "ఈ మనిషికి జబ్బు వచ్చి తగ్గింది" అన్న సంగతికి చోటు లేదు. ఐరోపా సమాఖ్య సర్టిఫికెట్‌లో కోలుకున్నవాళ్లకు 180 రోజుల గుర్తింపు ఇచ్చారు. ఫ్రాన్స్ 2021 ఫిబ్రవరిలోనే వాళ్లకు ఒక్క డోసు చాలంది. మన దగ్గర మే నెలలో డోసులు దొరకని రోజుల్లో కూడా అందరికీ ఒకటే లెక్క.

టీకా వద్దని నేను అనడం లేదు. సహజంగా వచ్చిన రక్షణను అసలు లెక్కలోకే తీసుకోకపోవడం తప్పు అంటున్నాను. తప్పయితే ఎక్కడో చూపించండి.

పల్లె_డాక్టర్ (పోస్టు 2)

కృష్ణాతీరం గారూ, ఇందులో రెండు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ముందు వాటిని విడదీద్దాం.

జబ్బు వచ్చి తగ్గిన మనిషికి రక్షణ ఉందా? ఉంది, గట్టిగానే ఉంది. ఇంకా రాని మనిషి టీకా మానేసి జబ్బునే నమ్ముకోవచ్చా? కూడదు. మొదటి ప్రశ్న జవాబును తెచ్చి రెండోదానికి అతికించడంతోనే 2021లో చాలా ఇళ్లలో నష్టం జరిగింది. "ఎలాగూ వచ్చి పోయేదే, వస్తే ఇమ్యూనిటీ వస్తుంది" అన్న మాట పాతికేళ్ల కుర్రాడి విషయంలో చెల్లినంతగా అదే ఇంట్లో ఉన్న తాతగారి విషయంలో చెల్లదు.

టీకాలు రాకముందు ధనిక దేశాల సమాచారంతో లెవిన్ బృందం 2020లో వేసిన లెక్క ఇది. సోకినవాళ్లలో చనిపోయేవాళ్లు పదేళ్ల వయసులో 0.002 శాతం, 25 ఏళ్లకు 0.01, 55 ఏళ్లకు 0.4, 65 ఏళ్లకు 1.4, 75 ఏళ్లకు 4.6, 85 ఏళ్లకు 15. అంటే 65 ఏళ్లవాళ్లు వెయ్యిమందికి సోకితే 14 మంది మిగలరు. మిగిలిన 986 మందికి చక్కటి రక్షణ వస్తుంది, నిజమే. కానీ ఆ 14 మందిని కలపకుండా "సహజ రక్షణ ఇంత బలమైనది" అని చెబితే అది సగం లెక్కే.

చనిపోనివాళ్లంతా క్షేమంగా బయటపడ్డారనీ కాదు. 2021 మేలో బ్లాక్ ఫంగస్ ఎవరికి వచ్చిందో చూడండి. ఎక్కువమంది షుగర్ అదుపులో లేనివాళ్లు, కోవిడ్‌కు స్టెరాయిడ్లు పడ్డవాళ్లు. యాంటీబాడీలు వాళ్లకూ వచ్చాయి, కొందరికి కన్ను పోయాక.

గణాంకం (పోస్టు 3)

ఈ చర్చ ఎక్కడ నడిచినా ఇరువైపులా చెరొక అధ్యయనం పట్టుకుని వస్తారు. రెండూ పక్కన పెట్టి చూస్తే గొడవ చాలావరకు తీరిపోతుంది.

ఇజ్రాయెల్‌లో మక్కాబీ ఆరోగ్య సంస్థ సభ్యుల వివరాలతో 2021 ఆగస్టులో వచ్చిన విశ్లేషణ: డెల్టా అనే వైరస్ రకం (వేరియంట్) నడిచిన కాలంలో, ఎన్నడూ జబ్బు రాకుండా టీకా మాత్రమే వేసుకున్నవాళ్లకు, జబ్బు వచ్చి తగ్గినవాళ్లకంటే సోకే అవకాశం 13 రెట్లు ఎక్కువ. అదే నెలలో అమెరికా సీడీసీ వాళ్ల కెంటకీ అధ్యయనం: 2020లో జబ్బు వచ్చినవాళ్లలో టీకా వేసుకోనివాళ్లకు మళ్లీ సోకే అవకాశం, వేసుకున్నవాళ్లతో పోలిస్తే 2.34 రెట్లు.

ఒకదాన్నొకటి కొట్టేసేలా కనిపిస్తాయి గానీ, అడిగిన ప్రశ్నలే వేరు. మొదటిది "జబ్బు మాత్రమే" వర్సెస్ "టీకా మాత్రమే". రెండోది "జబ్బు" వర్సెస్ "జబ్బు ప్లస్ టీకా". రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు, అయ్యాయి కూడా. 2022 జనవరిలో సీడీసీ కాలిఫోర్నియా అంకెలు బయటపెట్టింది. 2021 అక్టోబరు మొదటి వారంలో, జబ్బూ టీకా రెండూ లేనివాళ్లతో పోలిస్తే కేసుల రేటు టీకా మాత్రమే ఉన్నవాళ్లలో 6.2 రెట్లు తక్కువ, జబ్బు మాత్రమే వచ్చినవాళ్లలో 29 రెట్లు తక్కువ, రెండూ ఉన్నవాళ్లలో 32.5 రెట్లు తక్కువ. అయితే డెల్టా రాకముందు ఇదే వరస తిరగబడి ఉంది, అప్పట్లో టీకావాళ్లదే పైచేయి. వేరియంట్ మారింది, టీకా వేసి ఎన్నాళ్లయిందన్నదీ మారింది. నెల చెప్పకుండా ఈ అంకెలు వాడకూడదు.

ఇంకో మెలిక. ఇలాంటి అధ్యయనాల్లో "కోలుకున్నవాళ్ల గుంపు"లోకి రావాలంటే ముందు బతికి ఉండాలి. మొదటిసారి జబ్బుకు తట్టుకోలేనివాళ్లు ఆ గుంపులో ఉండరు. టీకా గుంపులో మాత్రం అలాంటి బలహీనులు కూడా ఉంటారు. పోలిక మొదలుకాకముందే తూకం ఒకవైపు ఒరిగి ఉంటుంది. అలాగని 13 రెట్లు మొత్తం దీనివల్లే అనను. కొంత దీనివల్ల.

ఇవన్నీ ఎక్కువగా ఫైజర్, మోడెర్నా వేసుకున్న దేశాల అంకెలు. కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లకు నేరుగా తెచ్చి అంటించకండి. మన టీకాలకైతే వేలూరు సీఎంసీ సిబ్బంది మీద రెండో వేవ్‌లో చేసిన అధ్యయనం ఉంది. ఎక్కువమంది కోవిషీల్డ్ వాళ్లే. రెండు డోసులతో సోకకుండా 65 శాతం, ఆసుపత్రి పాలు కాకుండా 77, ఆక్సిజన్ అవసరం పడకుండా 92, ఐసీయూకి పోకుండా 94 శాతం రక్షణ కనిపించింది.

ఓరుగల్లు_వాణి (పోస్టు 4)

గణాంకం గారి అంకెల వెనక శరీరంలో జరిగేది కొంచెం చెబుతాను.

జబ్బు వచ్చినప్పుడు వైరస్ ముక్కులో, గొంతులో పెరుగుతుంది కాబట్టి అక్కడి పొరల్లోనే ఐజీఏ యాంటీబాడీలు తయారవుతాయి. గుమ్మం దగ్గర కాపలా అన్నమాట. భుజానికి వేసే టీకా ప్రధానంగా రక్తంలో ఐజీజీ పెంచుతుంది, అంటే కాపలా ఇంటి లోపల. అందుకే టీకా వేసుకున్నవాళ్లకు జలుబులా సోకడం, ఊపిరితిత్తుల దాకా పోకుండా ఆగిపోవడం ఎక్కువగా చూశాం. భారత్ బయోటెక్ ముక్కు టీకా ఇన్‌కోవాక్‌ను (ఒక్కో ముక్కు రంధ్రంలో నాలుగేసి చుక్కలు) 2023 జనవరి 26న విడుదల చేయడం వెనక ఆలోచన ఇదే.

ఇంకో తేడా: కోవిషీల్డ్ చూపించేది స్పైక్ ప్రొటీన్ (వైరస్ పైనుండే ముల్లు) ఒక్కటే, బయోలాజికల్ ఈ వారి కార్బెవాక్స్ అయితే అందులోనూ ఆర్‌బీడీ (మన కణానికి అంటుకునే భాగం) ముక్క మాత్రమే. జబ్బు వైరస్ మొత్తాన్నీ చూపిస్తుంది. కోవాగ్జిన్ చంపిన వైరస్ కాబట్టి అదీ మొత్తం చూపిస్తుంది, కానీ శరీరంలో పెరగదు.

"తట్టు ఒకసారి వస్తే జన్మలో మళ్లీ రాదు కదా, ఇదెందుకు వస్తుంది" అని అడిగేవాళ్లకు: తట్టు వైరస్ పైపొర దాదాపు మారదు, పైగా అది రక్తంలోకి ఎక్కి ఒళ్లంతా పాకడానికి రోజులు పడుతుంది, ఈలోగా జ్ఞాపక కణాలు (పాత వైరస్‌ను గుర్తుపట్టే తెల్ల రక్తకణాలు) లేచి పని మొదలుపెడతాయి. కరోనా వైరస్ ముక్కులోనే రెండు మూడు రోజుల్లో పెరిగిపోతుంది. జ్ఞాపక కణాలు లేచేసరికి సోకడం అయిపోయి ఉంటుంది, అవి ఆపగలిగేది తీవ్రతనే. మామూలు జలుబు తెచ్చే నాలుగు కరోనా వైరస్‌లు కూడా ఏడాది తిరిగేసరికి అదే మనిషికి మళ్లీ సోకుతుంటాయని ఆమ్‌స్టర్‌డామ్‌లో 35 ఏళ్లపాటు దాచిన రక్త నమూనాలతో 2020లో చూపించారు.

కృష్ణాతీరం (పోస్టు 5)

వాణి గారూ, ధన్యవాదాలు. ఐజీఏ సంగతి నా వాదనకే బలం. అయితే 70 శాతం మందికి గుమ్మం దగ్గర కాపలా ఉన్నప్పుడు సామూహిక రక్షణ వచ్చేసినట్టే కదా?

గణాంకం (పోస్టు 6)

హైదరాబాద్‌నే చూడండి. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి జీహెచ్‌ఎంసీలో 30 వార్డుల్లో దాదాపు 9,000 మందిని పరీక్షించి 2021 మార్చిలో ఫలితం చెప్పాయి: 54 శాతం మందికి యాంటీబాడీలు. "నగరం సగం దాటేసింది, ఇక భయం లేదు" అన్న మాట అప్పుడు బాగా వినిపించింది. నెల తిరగకుండానే డెల్టా విరుచుకుపడింది.

సూత్రం చిన్నదే. ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ సంఖ్యతో 1ని భాగించి, వచ్చినదాన్ని 1 లోంచి తీసేయాలి. మొదటి వైరస్‌కు 2.5 అనుకుంటే 60 శాతం. డెల్టాకు 6 అనుకుంటే 83 శాతం. 54 రెంటికీ చాలదు. కోటి జనాభాలో 46 శాతం అంటే 46 లక్షల మంది ఇంకా రక్షణ లేకుండా ఉన్నారు. అదీ యాంటీబాడీ ఉన్న ప్రతివాళ్లూ నూటికి నూరుపాళ్లు అడ్డుకుంటారని అనుకుంటేనే.

బ్రెజిల్‌లోని మనౌస్‌ది ఇంకా కటువైన ఉదాహరణ. 2020 అక్టోబరు నాటికి అక్కడ 76 శాతం మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. 2021 జనవరిలో గామా వేరియంట్‌తో ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయేంత వేవ్ వచ్చింది. ఆ 76 అంచనా కాస్త ఎక్కువే అయి ఉండొచ్చన్న వాదన ఉంది. అయినా ఆ లెక్క మీద భరోసా పెట్టుకోలేమని తేలిపోయింది.

ఇదే సూత్రం టీకావైపూ కోస్తుంది, అదీ ఒప్పుకోవాలి. డెల్టాకు 83 శాతం కావాలి. టీకా వ్యాప్తిని 60 శాతమే తగ్గిస్తుందనుకుంటే 83ని 0.6తో భాగించాలి, 138 శాతం వస్తుంది. జనాభా అంతా వేసుకున్నా చాలదన్నమాట. "అందరూ వేసుకుంటే వైరస్ మాయమవుతుంది" అని ప్రచారం చేసినవాళ్లు చేసిన తప్పు ఇది. టీకా అసలు పని తీవ్రతను, చావును తగ్గించడం. ఆ మాటే మొదటినుంచీ చెప్పి ఉంటే తర్వాత "వేసుకున్నా వచ్చిందిగా" అనే నిలదీత ఉండేది కాదు.

కృష్ణాతీరం (పోస్టు 7)

సామూహిక రక్షణ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అసలు వాదన మాత్రం అలాగే ఉంది. కొరత ఉన్నప్పుడు ఎవరికి ఎన్ని డోసులు? హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వాళ్లు 260 మంది ఆరోగ్య సిబ్బందిలో చూశారు కదా, ముందే జబ్బు వచ్చినవాళ్లలో ఒక్క డోసుకే యాంటీబాడీలు, జ్ఞాపక కణాలు మిగతావాళ్లకంటే బాగా పెరిగాయి. మరి వాళ్లకు ఒక్కటి వేసి, రెండోది ఇంకా సోకని పెద్దవాళ్లకు ఇచ్చి ఉండొచ్చు.

పల్లె_డాక్టర్ (పోస్టు 8)

ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. కోవిషీల్డ్ డోసుల మధ్య ఎడం మొదట 4–6 వారాలు, 2021 మార్చిలో 6–8 వారాలు, మే 13న 12–16 వారాలు అయింది. అదే నెలలో డెల్టా ఉధృతంగా ఉంది. డెల్టా మీద ఆస్ట్రాజెనెకా (మన కోవిషీల్డ్ అదే) ఒక్క డోసు లక్షణాలున్న జబ్బును 30 శాతమే ఆపుతుందని, రెండు డోసులైతే 67 శాతమని బ్రిటన్ అంకెలు. జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు మూడు నాలుగు నెలలు ఒక్క డోసుతో ఉండటం ఏ ఇబ్బందీ కాదు. ఎన్నడూ సోకని 60 ఏళ్ల షుగర్ పేషెంటుకు మాత్రం అది పెద్ద ఖాళీ. ఒకే ఎడం, ఇద్దరికి రెండు రకాల ఫలితం. జబ్బు చరిత్రను లెక్కలోకి తీసుకుని ఉంటే ఈ రెండో మనిషికి ముందే రెండో డోసు పడేది.

సీరం_ట్యూబు (పోస్టు 9)

చేతిలో రిపోర్టు ఉంటే చాలు, ఎవరికి సోకిందో తేల్చేయొచ్చని అనుకుంటున్నారు. ల్యాబు వైపు నుంచి కొన్ని సంగతులు చెప్పాలి.

యాంటీబాడీ పరీక్షలు రెండు రకాలు. స్పైక్ మీదివి ఒకటి, వైరస్ లోపలి ప్రొటీన్ న్యూక్లియోక్యాప్సిడ్ (మేం "ఎన్" అంటాం) మీదివి ఒకటి. కోవిషీల్డ్ వేసుకున్న మనిషికి స్పైక్ పాజిటివ్, ఎన్ నెగటివ్ వస్తే అది టీకా వల్ల వచ్చిందనుకోవచ్చు. ఎన్ కూడా పాజిటివ్ అయితే జబ్బు సోకింది. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లకు ఈ తర్కం పనిచేయదు. అందులో మొత్తం వైరస్ ఉంటుంది కాబట్టి జబ్బు రాకపోయినా ఎన్ పాజిటివ్ రావచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతోమంది రిపోర్టు తప్పుగా చదివారు.

ఎన్ నెగటివ్ అన్నంత మాత్రాన సోకలేదనీ కాదు. అబాట్ వాళ్ల ఎన్ ఐజీజీ కిట్‌లో కొన్ని నెలలకే అంకె పడిపోయి నెగటివ్‌లోకి వెళ్తుంది. రోష్ వాళ్ల కిట్‌లో చాలాకాలం పాజిటివ్‌గానే ఉంటుంది. మనిషి ఒకడే, సీరం ఒకటే, కిట్ మారితే జవాబు మారుతుంది.

అంకెల పోలిక ఇంకా ప్రమాదం. అబాట్ స్పైక్ పరీక్షలో 50 ఏయూ దాటితే పాజిటివ్, రోష్‌లో 0.8 యూనిట్లు దాటితే పాజిటివ్. "నాకు 1,000 వచ్చింది, మా బావకు 140 వచ్చింది" అని పోల్చుకుంటారు. అబాట్ అంకెను డబ్ల్యూహెచ్‌ఓ ప్రామాణిక యూనిట్లలోకి మార్చాలంటే 0.142తో గుణించాలి. అబాట్‌లో 1,000 అంటే 142 మాత్రమే. బావగారి 140 రోష్‌లో వచ్చి ఉంటే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. ఇంత అంకె ఉంటే జబ్బు రాదు అనే గీత ఏ కిట్‌కీ లేదు.

ఐస్‌ప్యాక్ (పోస్టు 10)

టీకా రక్షణ ఎంత అని మాట్లాడేటప్పుడు, ఆ సీసా చేయి దాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి. కోవిషీల్డ్, కోవాగ్జిన్, కార్బెవాక్స్ మూడూ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ ఎండకు భయపడతారు గానీ, గడ్డకట్టడం కూడా అంతే చేటు. కోవాగ్జిన్, కార్బెవాక్స్‌లలో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒకసారి గడ్డకడితే అది ఉండలు కడుతుంది, కరిగించినా మళ్లీ మామూలు కాదు. సీసా చల్లగానే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం సరిగా చేయదు.

ఇది ఎక్కువగా జరిగేది వ్యాక్సిన్ క్యారియర్‌లో. డీప్ ఫ్రీజర్ లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లు నాలుగూ అలాగే పెట్టేస్తే వాటికి ఆనిన సీసాలు గడ్డకడతాయి. ప్యాక్‌లను బయట పరిచి ఉంచాలి. పైన తెల్లటి మంచు పోయి నీటి చెమట పట్టాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాలి. అప్పుడే క్యారియర్‌లో పెట్టాలి. హడావుడి రోజున ఎగిరిపోయే మొదటి మెట్టు ఇదే.

రెండోది: కోవాగ్జిన్ సీసాను వాడేముందు బాగా కలపాలి, లేకపోతే మొదటివాళ్లకు పలచగా, చివరివాళ్లకు చిక్కగా వెళ్తుంది. కోవిషీల్డ్‌ను ఊపకూడదు. ఒకే సెంటర్‌లో రెండూ నడిచిన రోజుల్లో ఈ రెండూ తారుమారయ్యే వీలుండేది. కోవిషీల్డ్ సీసా తెరిచిన టైము దానిమీదే రాయాలి, 4 గంటలు దాటితే మిగిలింది పారేయాలి. పది డోసుల సీసా కాబట్టి నలుగురే ఉన్నప్పుడు తెరవాలా వద్దా అన్న తర్జనభర్జన రోజూ ఉండేది.

కృష్ణాతీరం గారు చెప్పిన "ముందు ఎవరికి సోకిందో తేల్చి ఒక్క డోసు" అన్నది ఆ క్యూలో నడిపించడం కష్టం. నోటిమాట నమ్మాలా? రిపోర్టు అడగాలా?

కృష్ణాతీరం (పోస్టు 11)

రిపోర్టే. ప్రతి ఆర్టీపీసీఆర్‌కూ ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ (నమూనా ఫారం నంబరు) ఉండేది. దాన్ని కోవిన్‌కు ముడిపెడితే సరిపోయేది.

ఇంకో సంగతి, ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. ఇరవై ఏళ్ల వయసు, ఒకసారి వచ్చి తగ్గింది. అలాంటివాళ్లకు అదనపు డోసుతో లాభం కొంచెమే. అప్పుడు కోవిషీల్డ్‌తో అరుదుగా వచ్చే రక్తపు గడ్డల ప్రమాదాన్ని కూడా తూచాలి కదా? బ్రిటన్ 2021 ఏప్రిల్‌లో 30 లోపు వాళ్లకు, మేలో 40 లోపు వాళ్లకు వీలైతే వేరే టీకా ఇవ్వమంది.

పల్లె_డాక్టర్ (పోస్టు 12)

తూచాలి. మన దేశంలో 2021 మే నాటి ప్రభుత్వ లెక్క 10 లక్షల డోసులకు 0.61, మొత్తం 26 కేసులు. నమోదయ్యే తీరు అన్ని దేశాల్లో ఒకలా ఉండదు కాబట్టి, అప్పట్లో బ్రిటన్ చెప్పిన 10 లక్షలకు 4 కూడా పక్కన పెట్టుకుని చూడాలి. సోకని 60 ఏళ్లవాళ్లకు ఈ తూకంలో అనుమానమే లేదు. కోలుకున్న ఇరవై ఏళ్లవాళ్లకు రెండో డోసు దగ్గర తూకం దగ్గరదగ్గరగా ఉంటుంది, కాదనను.

ఎవరికైనా సరే తెలిసి ఉండాల్సింది: టీకా వేసిన నాలుగో రోజు నుంచి నాలుగు వారాల లోపు వదలని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలు వాచడం, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే ప్లేట్‌లెట్లు, డీ-డైమర్ (గడ్డల జాడ చూపే రక్తపరీక్ష) చేయించాలి. ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు ఉండి గడ్డ కనిపిస్తే పీఎఫ్4 పరీక్షకు (ఈ రకం గడ్డలను ఖాయం చేసే యాంటీబాడీ పరీక్ష) పంపాలి, ఫలితం వచ్చేదాకా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మొదలుపెట్టకూడదు. గడ్డ అనగానే చేయి హెపారిన్ మీదికి పోతుంది, ఇక్కడ ఆగాలి.

నల్లరేగడి (పోస్టు 13)

ఇంతసేపూ చదివాను. మా అత్తయ్య కిడ్నీ మార్పిడి చేయించుకున్నారు, కోవిడ్ కూడా వచ్చి తగ్గింది. ఇలాంటివాళ్లు సహజ రక్షణను నమ్ముకోవచ్చా, దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_వాణి (పోస్టు 14)

నమ్ముకోకూడదండీ. మార్పిడి తర్వాత వేసుకునే మందులు రోగనిరోధక కణాలైన బీ కణాలనూ టీ కణాలనూ అణచిపెడతాయి. జబ్బు వచ్చినా జ్ఞాపకం సరిగా నిలవదు, టీకాకూ స్పందన తక్కువే, అందుకే వీళ్లకు అదనపు డోసు అన్న ఆలోచన వచ్చింది. కోలుకున్నాక మూడు నెలలు ఆగి టీకా అన్నది 2021 మేలో మన దగ్గర పెట్టిన నియమం. అత్తయ్యగారి విషయంలో ఎప్పుడు, ఏది అన్నది నెఫ్రాలజిస్టు మందుల మోతాదు చూసి చెప్పాలి. టీకా కోసమని మందులు సొంతంగా తగ్గించకండి, కిడ్నీకే ముప్పు. రిటుక్సిమాబ్ (బీ కణాలను తొలగించే మందు) ఎక్కించుకునేవాళ్లకైతే చివరి డోసు తర్వాత ఆరు నెలలు, తర్వాతి డోసుకు నాలుగు వారాల ముందు అన్నట్టుగా టీకాను మధ్యలో ఇరికించాలి. ఇంట్లో మిగతావాళ్లందరూ వేసుకోవడం ఆవిడకు పెద్ద అండ.

గణాంకం (పోస్టు 15)

ఒమిక్రాన్ తర్వాతి అంకెలు కూడా ఇక్కడ ఉండాలి. ఖతార్ అధ్యయనంలో, ముందు వచ్చిన జబ్బు మళ్లీ సోకకుండా ఆపింది డెల్టాకు 92 శాతం, ఒమిక్రాన్‌కు 56 శాతం. 19 దేశాల నుంచి 65 అధ్యయనాలు కలిపి 2023లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఒమిక్రాన్ బీఏ.1 మళ్లీ సోకకుండా రక్షణ 40 వారాలకు 36 శాతానికి పడిపోయింది. తీవ్ర జబ్బు నుంచి మాత్రం 40 వారాలకు కూడా 88.9 శాతం నిలిచింది. కృష్ణాతీరం గారి మొదటి పోస్టుకు ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ సలహా మీద ఒక్క అభ్యంతరం. ఆ హైదరాబాద్ సర్వేలోనే, యాంటీబాడీలున్నవాళ్లలో 75 శాతానికి పైగా తమకు సోకిందని తెలియనివాళ్లు. పరీక్షే చేయించుకోలేదు, ఇక ఐడీ ఎక్కడిది? రికార్డుతో ముడిపెట్టినా నలుగురిలో ఒక్కరు దొరుకుతారు.

కృష్ణాతీరం (పోస్టు 16)

ఆ ఒక్కరు దొరికినా మే నెలలో లక్షల డోసులు మిగిలేవి. మిగతా ముగ్గురికి మామూలుగా రెండూ వేస్తాం, వాళ్లకు నష్టమేమీ లేదు కదా.

ఐస్‌ప్యాక్ (పోస్టు 17)

అలాగైతే క్యూలో కుదురుతుంది. ఆధార్ నంబరు కొట్టేచోటే ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ కూడా కొట్టొచ్చు. మనిషికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఆర్టీపీసీఆర్ ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరూ, కోవిన్‌లో ఇచ్చిన నంబరూ ఒకటే అయి ఉండాలి. ఒకే ఫోన్ మీద నలుగురు పేర్లు నమోదు చేసుకున్న ఇళ్లలో చిక్కు వచ్చేది అక్కడే.